‘అయితే’ ఊడిపోయిన వాక్యం

రూలు పెట్టమంటారా మేడమ్?

స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఈమధ్య నాకు ఫోన్ చేసింది. ఉద్యోగం ఇంకా కొత్తదే గానీ గొంతులో విసుగు మాత్రం పాతబడింది. "మేడమ్, పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదు. ఏది అడిగినా నెట్‌లో చూసి చెప్తున్నారు. నెట్ చూడొద్దని రూలు పెట్టమంటారా?" అంది.

"పెట్టమ్మా. సూరత్‌లో ఎవరూ పతంగులు ఎగరేయొద్దని కూడా దాని కిందే రాయి. రెండూ ఒకేలా అమలవుతాయి" అన్నాను.

నవ్వింది గానీ, అడిగినదానికి జవాబు రాలేదని ఆమెకు తెలుసు. అది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే జవాబు కాదు. అందుకే రాస్తున్నాను. నాకు ఏ ఏడాది ప్రమోషన్ వచ్చింది, ఏ కమిటీలో కూర్చోబెట్టారు అన్న సంగతులు ఇందులో ఉండవు. కూర్చున్న నాకే అవి గుర్తులేవు. మావారి రైల్వే ఉద్యోగం వల్ల కాజీపేట నుంచి సూరత్ వచ్చి, ఇక్కడి ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇంత సర్వీసులో నాకు ఎక్కువ నేర్పినది చివర్లో, కరోనా రోజుల్లో, కాలేజీకి తాళం పడి ఉన్నప్పుడు జరిగిన ఒక్క సంగతి. దాన్నే చెప్తాను.

వశీ సర్, ఆయన నుదురు

ముందు మా హెడ్ గురించి చెప్పాలి. వశీ సర్ అచ్చమైన సూరతీ మనిషి. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మనసు, మధ్యలో కొంచెం మొండితనం. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద గంట ఆకారపు గీత గీశారంటే, బోర్డును నిలువునా మడిస్తే రెండు సగాలూ అతుక్కుంటాయేమో అనిపించేది. ఆయన క్లాసు ఎగ్గొట్టిన పిల్లలు కూడా కిటికీ దగ్గర నిలబడి వినేవారు.

అలాంటి మనిషిని లాక్‌డౌన్ ఒక ఫోన్ ముందు కూర్చోబెట్టింది. కెమెరా ఎక్కడ పెట్టాలో ఆయనకు ఎప్పుడూ అంతుపట్టలేదు. పిల్లలకు ఆయన నుదురు, పైన తిరిగే ఫ్యాను కనిపించేవి. తన ఇంట్లో, తన గదిలో, ఒక్కరే కూర్చుని కూడా మాస్కు గడ్డానికి తగిలించుకునేవారు. మైకు ఆపేసి ఉన్నట్టు తెలియక పాఠంలో సగం నిశ్శబ్దంగా చెప్పేవారు. "సర్, వినబడట్లేదు" అని పిల్లలు రాస్తే, "శ్రద్ధ పెడితే వినబడుతుంది" అని కసిరేవారు. ఆ కసురు మాత్రం బాగానే వినబడేది.

నెట్ అంటే ఆయనకు చిన్నచూపు. ముఖ్యంగా అందరూ కలిసి రాసే ఆ ఉచిత విజ్ఞాన సర్వస్వం పేరెత్తితే చాలు. "అది చౌరస్తాలో గోడ. దారిన పోయే ప్రతివాడూ రాస్తాడు. దాన్ని చూసి చదివినవాడు నా విద్యార్థి కాడు" అని మొదటి క్లాసులోనే శాసించేవారు. పిల్లలు తలలూపేవారు.

పరీక్షల సమయం వచ్చింది. లైబ్రరీకి తాళం. ఆయన పుస్తకాలన్నీ స్టాఫ్ రూమ్ అల్మారాలో, దానికీ తాళం. ఫోన్‌లో రాసే పరీక్ష, మార్కులు దానంతట అదే వేసే పద్ధతి. చాలా ప్రశ్నలు త్వరగా కావాలి. శాసనం చేసిన మనిషే చివరికి నెట్ తెరిచారు. గోడ దగ్గరికి మాత్రం పోలేదు, మాట మీద నిలబడ్డారు. ‘స్టాటిస్టిక్స్ ప్రశ్నలు, జవాబులతో’ అని చక్కగా అచ్చేసినట్టు కనిపించే సైట్లు ఉంటాయి కదా, వాటిని నమ్మారు.

పప్పులో ఉప్పు

పరీక్ష ఫలితాలు పెట్టిన మర్నాడు స్రవంతి నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి మా ఆఖరి సంవత్సరం విద్యార్థిని. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రిది సూరత్ శివారు జోల్వాలో మరమగ్గాల పని. పుట్టింది, పెరిగింది ఇక్కడే కనుక తెలుగులో హిందీ, గుజరాతీ ఎక్కడపడితే అక్కడ దూరుతుంటాయి.

"మేడమ్, నేను స్రవంతి. జర మాట్లాడొచ్చా? నా జవాబు ఖోటు అని కొట్టేసిన్రు. కానీ అది ఖోటు కాదు మేడమ్. నేను లెక్క చేసి చూసిన."

ఖోటు అంటే తప్పు. ఏ జవాబమ్మా అని అడిగాను.

ప్రశ్న ఇది: రెండు విషయాల మధ్య సహసంబంధ గుణకం సున్నా అంటే, వాటి మధ్య ఏ సంబంధమూ లేనట్టే. ఒప్పా, తప్పా? సహసంబంధ గుణకం అంటే భయపడకండి. ఒకటి పెరుగుతుంటే రెండోది కూడా తిన్నగా గీత గీసినట్టు పెరుగుతోందా, తరుగుతోందా అని చెప్పే ఒక అంకె, అంతే. సున్నా వస్తే తిన్నని గీత లేదని అర్థం. వంకర గీత ఉండొచ్చు. కాబట్టి సరైన జవాబు ‘తప్పు’. స్రవంతి అదే రాసింది. ఫోన్ దానికి సున్నా వేసింది.

"ఎట్ల తప్పని తెలుసుకున్నావు?" అన్నాను, కొంచెం పరీక్షిస్తూ.

"మా అమ్మ పప్పుల ఉప్పు తక్కువేస్తే బాపు తినడు మేడమ్. ఎక్కువేసినా తినడు. నడిమిట్ల ఉంటేనే తింటడు. ఒక చిటికెడుకు రుచికి రెండు మార్కులు, రెండు చిటికెలకు ఆరు, మూడింటికి తొమ్మిది, నాలుగింటికి మళ్ల ఆరు, ఐదింటికి రెండు. గిట్ల వేసి గుణకం తీస్తే బరాబర్ సున్నా వస్తుంది. మరి ఉప్పుకూ రుచికీ సంబంధమే లేదంటే మా బాపు ఊకుంటడా?"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. ఎమ్మెస్సీకి ఫీజు భరించే ఒక ట్రస్టుకు మా కాలేజీ పేర్లు పంపుతుంది. డిస్టింక్షన్ ఉన్నవాళ్లకే ఆ అవకాశం. ఈ ఒక్క ప్రశ్న వల్ల స్రవంతి ఆ గీతకు ఇవతలే ఆగిపోయింది. ఎమ్మెస్సీ లేకపోతే సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చునే పని సిద్ధంగా ఉంది. అది చెడ్డ పనేమీ కాదు గానీ, పప్పులో ఉప్పుకు గుణకం తీసే పిల్ల చేయాల్సిన పని కాదు.

"ఒకటే పరేషాన్ మేడమ్" అంది. "నెట్ల పన్నెండు సైట్లు చూసిన. పన్నెండింట్లనూ ఒప్పు అనే ఉంది. వశీ సర్ కూడా ఒప్పు అనే అంటున్నరు. గింతమంది ఒక దిక్కు, నేనొక్కదాన్ని ఒక దిక్కు. నేనే ఏమన్న పొరబడ్డనా?"

నువ్వు పొరబడలేదని చెప్పాను. అయితే ఆ పన్నెండింటి సంగతి నన్నూ తొలిచింది. ఒక్క సైటు తప్పు రాసిందంటే అర్థం చేసుకోవచ్చు. అన్నీ కట్టగట్టుకుని అదే తప్పు ఎలా రాస్తాయి?

మా తమ్ముడి కషాయం

జవాబు మా వంటింట్లో దొరికింది. ఆ రోజుల్లో మావారు పొద్దున్నే ఒక కషాయం తాగేవారు. మిరియాలు, వాము, ఇంకా ఏవేవో. దాని ఘాటుకు వీధిలో కుక్కలు కూడా మా గేటు దగ్గర ఆగేవి కావు. రైల్వేలో సిగ్నళ్లు చూసుకున్న మనిషి, ఊరికే దేన్నీ నమ్మరు. అందుకే అడిగాను, ఇది పనిచేస్తుందని మీకెవరు చెప్పారని.

"ఒక్కరు కాదు. ఐదు గ్రూపుల్ల వచ్చింది. ఐదుగురూ అబద్ధం చెప్తరా?" అన్నారు.

"ఆ ఐదుగురికీ ఎవరు పంపిన్రో అడగండి."

పంతానికి పోయి ఒక్కొక్కరికే ఫోన్ చేశారు. పాత స్టేషన్ మాస్టరుకు ఆయన వియ్యంకుడు పంపాడట. వియ్యంకుడికి ఇంకెవరో. ఐదు దారులూ తిరిగి తిరిగి కాజీపేటలో మా తమ్ముడి ఫోన్ దగ్గర కలిశాయి. మావారు గ్లాసు కింద పెట్టి, "మీ పుట్టింటి విద్యేనన్నమాట" అన్నారు. ఆ తర్వాత కషాయం మానేశారని చెప్పను గానీ, నా పుట్టింటిని తలుచుకోకుండా మాత్రం ఎప్పుడూ తాగలేదు.

శాంపిల్ తీసుకునేటప్పుడు ఒకరి జవాబు మీద ఇంకొకరి జవాబు ఆధారపడకూడదని నేను సర్వీసంతా చెప్పాను. ఒకే ఇంట్లో పన్నెండు మందిని కొలిచి ఊరి సగటు ఎత్తు చెప్పకూడదని అందరికీ తెలుసు. వెబ్‌సైట్ల దగ్గరకు వచ్చేసరికి అంతా కలిసి ఓట్లు లెక్కపెడతాం. నేను వెంటనే స్రవంతికి ఫోన్ చేసి, "ఆ పన్నెండింటిలో ఎవరు ఎవరి దగ్గర కాపీ కొట్టారో కనుక్కో" అన్నాను.

సాయంత్రానికి ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం పొంగుతోంది. "మేడమ్, దొరికిపోయిన్రు! అన్నింట్లనూ ‘కింది బొమ్మలో చూపినట్టు’ అని ఉంది. కింద ఏ బొమ్మా లేదు. ఒక్క సైటుల కూడా లేదు!"

రాసినది ఎత్తుకుపోయారు గానీ బొమ్మ మోయడానికి బద్ధకించారన్నమాట. ఆ బొమ్మ ఉన్నచోటు కోసం ఆమె ఇంకా వెతికింది. ఎక్కడో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల పాత పేజీలో దొరికింది. బొమ్మ ఉంది, దాని పైన అసలు వాక్యమూ ఉంది. ‘రెండూ కలిసి నార్మల్ విభజనను పాటిస్తున్నట్టయితే, గుణకం సున్నా అంటే సంబంధం లేనట్టే.’ నార్మల్ విభజన అంటే వశీ సర్ బోర్డు మీద గీసే ఆ గంట ఆకారపు గీతే; అలా ఉన్నప్పుడు ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మొదట కాపీ కొట్టినవాడు వాక్యం పొడవుగా ఉందని ముందు సగం కోసేశాడు. మిగతావాళ్లు కోసిన ముక్కనే కాపీ కొట్టుకున్నారు. ‘అయితే’ ఊడిపోయింది, దానితో నిజమూ పోయింది.

ఫోన్ పెట్టేసేముందు స్రవంతి కొంచెం నసిగింది. "ఇంకొకటి మేడమ్. సర్‌కు చెప్పొద్దు. అందరూ రాసే ఆ గోడ ఉంది కదా, దాంట్ల మాత్రం సరిగ్గనే ఉంది. వంకర గీతల బొమ్మలు గిట్ల వేసి, సున్నా అంటే సంబంధం లేనట్టు కాదని సాఫ్‌గ రాసిన్రు. సర్ చూడొద్దన్నరని నేను చూసినట్టు ఎవరికీ చెప్పలే."

మెజారిటీ

వశీ సర్‌కు ఫోన్ చేశాను. మేమిద్దరం గుజరాతీలోనే మాట్లాడుకుంటాం, ఆ మాటలు తెలుగులో రాస్తున్నాను; అక్కయ్య అన్నట్టు పిలిచే ‘బెన్’ ఒక్కటి అలాగే ఉంచాను.

"సుజాతాబెన్, ఫలితాలు ఇచ్చేశాం కదా" అన్నారు మొదటే. "నేను ఒక్కటి చూసి పెట్టలేదు, చాలా సైట్లు చూశాను. అన్నీ ఒకటే చెప్తున్నాయి. ఆ పిల్ల ఒక్కతే కాదంటోంది. మెజారిటీ అనేది ఒకటి ఉంటుంది కదా."

"సర్, రెండు పేజీలు పంపాను. చూడండి. మొదటిది పాతది, రెండోది దాని కాపీ."

చదువుతున్నట్టు కాసేపు సన్నగా గొణిగారు. తర్వాత గొణుగుడు ఆగింది.

"బెన్, ఇక్కడ ఒక ‘అయితే’ ఉంది. అక్కడ లేదు. ఎక్కడికి పోయింది?"

"దారిలో ఊడిపోయింది సర్."

"ఇది నాకు తెలుసు" అన్నారు నెమ్మదిగా. "ప్రతి ఏడూ బోర్డు మీద వంకర గీత గీసి మరీ చెప్తాను. ఎలా చూసుకోలేదు?"

అంతలోనే ఆయన లెక్చరర్ నుంచి హెడ్‌గా మారడం నాకు ఫోన్‌లోనే వినబడింది. "కానీ ఇప్పుడు దిద్దితే క్లాసంతటికీ మార్కులు పోతాయి. వాళ్ల దగ్గర మాత్రం పుస్తకాలు ఉన్నాయా? నెట్‌లో ఉన్నది రాశారు. నేనూ అదే చేశాను కదా. తల్లిదండ్రులు ఊరుకోరు. రెండు జవాబులకూ మార్కులిచ్చేద్దాం. ఆ పిల్ల పనీ అయిపోతుంది."

స్రవంతి పని అయిపోతుంది, నిజమే. అక్కడే ఊరుకుని ఉండొచ్చు. "సర్, అప్పుడు ఆ తప్పు మన కాలేజీ ముద్రతో బయటికి పోతుంది. పదమూడో సైటు మనమే అవుతాం" అన్నాను.

"రేపు చెప్తాను" అని ఫోన్ పెట్టేశారు. కోపమొచ్చిందనే అనుకున్నాను.

మర్నాడు డిపార్ట్‌మెంట్ గ్రూపులో ఆయన సందేశం కనిపించింది: ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు తప్పు. ‘తప్పు’ అని రాసినవారిదే సరి. నెట్ చూసి నేను మోసపోయాను, మీరూ మోసపోయారు. ఆ ప్రశ్న మార్కుల కోసం అందరినీ మళ్లీ నోటితో అడుగుతాను. గుణకం సున్నా అయినా సంబంధం ఉన్న ఉదాహరణ ఒకటి తీసుకురండి. కింద తన పూర్తి పేరు, హోదా.

హోదా ఉన్న మనిషి ఆ హోదా పక్కనే ‘నాది తప్పు’ అని రాయడం నేను అంతకుముందు చూడలేదు. చాలామంది పై అధికారుల కింద పనిచేశాను. తప్పు జరిగితే ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాసేవారే అందరూ.

ఉప్పు వద్దు

ఆ మౌఖిక పరీక్షకు నన్నూ కూర్చోమన్నారు. మొదటి అబ్బాయి తెర మీదికి వచ్చి, "సర్, దాల్‌లో ఉప్పు" అన్నాడు. బాగుంది అన్నారు వశీ సర్. రెండో అమ్మాయి ఖిచిడీలో ఉప్పు అంది. మూడోవాడు కఢీలో ఉప్పు. నాలుగో పిల్ల కొంచెం తెలివైనది, చాయ్‌లో చక్కెర అంది. స్రవంతి జవాబు ఎప్పుడో క్లాసు గ్రూపులో చుట్టి వచ్చేసిందని మాకు అప్పుడు అర్థమైంది. కాపీ కొట్టిన సైట్లను పట్టుకోవడానికి కూర్చున్న మా ఎదుట, పిల్లలంతా వరుసగా ఒకే గిన్నెలోంచి వడ్డించారు.

"ఇక వంటింటి నుంచి ఏదీ వద్దు" అని వశీ సర్ గర్జించారు. నుదురొక్కటే కనిపిస్తున్నా గర్జన పూర్తిగా వచ్చింది.

అప్పుడు అసలైన ఉదాహరణలు మొదలయ్యాయి. ఒకడు స్కూటర్ అన్నాడు. మరీ నెమ్మదిగా పోతే వెనకవాళ్లు తిడతారు, మరీ జోరుగా పోతే ముందువాళ్లు తిడతారు, మధ్యస్థంగా పోతే ఎవరూ పట్టించుకోరు. ఒక అమ్మాయి తన ఫ్యాను గురించి చెప్పింది. తగ్గిస్తే ఉక్కకు నిద్ర పట్టదు, పూర్తిగా పెంచితే దాని చప్పుడుకు నిద్ర పట్టదు. పరీక్ష పెట్టి పాఠం నేర్పడం అంటారు కదా, నా కళ్లముందు జరిగింది ఆ ఒక్కసారే.

స్రవంతిని అడగనవసరం లేదు, ఆమెకు మార్కులు వచ్చేశాయి. ఆమే ఉంటానంది. వశీ సర్ వేరే ప్రశ్న వేశారు. "ఆ ‘అయితే’ ఉన్నప్పుడు ఆ వాక్యం ఎందుకు నిజమవుతుంది?"

జోల్వాలో నెట్‌వర్క్ బాగుండదని ఆమె డాబా ఎక్కి కూర్చుంది. వెనక మగ్గాల చప్పుడు, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. వశీ సర్ విసుక్కోలేదు. తెగినప్పుడల్లా "మళ్లీ చెప్పు" అన్నారు. చివరికి జవాబు పూర్తిగా అందింది. రెండూ కలిసి నార్మల్‌గా ఉన్నప్పుడు వాటికి ముడి పడే దారి తిన్నని గీత ఒక్కటే, ఆ గీతా లేకపోతే ఇక ముడిపడటానికి ఏమీ మిగలదు.

వశీ సర్ మొదటిసారి కెమెరా సరిచేసుకున్నారు. ముఖం మొత్తం కనిపించింది. చాలాసేపు మాట్లాడారు. చేతులు తిప్పారు, మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మైకు మాత్రం ఆపేసి ఉంది. మాలో ఎవరికీ ఒక్క ముక్క వినబడలేదు. ఒక అబ్బాయి ధైర్యం చేసి చెప్తే, మైకు తెరిచి, "బరాబర్ ఛే" అని, అంటే సరిగ్గా ఉందని మాత్రం అని ఊరుకున్నారు.

తర్వాత స్రవంతి నన్ను అడిగింది. "సర్ ఏమన్నరు మేడమ్?"

"చాలా మంచి మాటలే అమ్మా. శబ్దం రాలేదంతే."

ట్రస్టుకు పోయిన పేర్లలో ఆమె పేరు ఉంది. ఎమ్మెస్సీ ఇక్కడే సూరత్‌లో చేసింది.

నేను ఇప్పుడు ఏమంటానంటే

ఆ కొత్త లెక్చరరమ్మకు నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను. నెట్‌ను మొత్తంగా నమ్మడం, మొత్తంగా కొట్టేయడం రెండూ ఒకే రకం బద్ధకం. అందరూ రాసే ఆ గోడ నిజంగానే గోడే. కానీ దాని మీద ఎవరు ఎప్పుడు ఏం రాశారో, ఎవరు చెరిపారో అంతా కనిపిస్తుంది. కింద ఏ పుస్తకం నుంచి తీసుకున్నారో రాస్తారు. తప్పు కనిపిస్తే దిద్దవచ్చు. ఆ పన్నెండు సైట్లలో దిద్దడానికి చోటే లేదు. ఎవరు రాశారో కూడా తెలియదు.

అలాగని గోడను నెత్తిన పెట్టుకోకు. మొదటిసారి నేర్చుకునే పిల్లకు ఆ పేజీలు కొరుకుడు పడవు. నిపుణులు నిపుణుల కోసం రాసుకున్నట్టు ఉంటాయి. ఒక పేజీలో ఒక గుర్తు, ఇంకో పేజీలో దానికే వేరే గుర్తు. తెలుగు పేజీలు కొన్ని యంత్రం అనువదించినవి, అవి చదివితే వచ్చింది కూడా మర్చిపోతాం. తేలికగా చదివించే పేజీలే ఎక్కువ మోసం చేస్తాయని పిల్లలకు చెప్పు. ‘అయితే’, ‘ఉన్నప్పుడు’, ‘మాత్రమే’ లాంటి మాటలు కనిపించని పేజీని అనుమానించమను. స్టాటిస్టిక్స్‌లో నిజాలన్నీ షరతులతోనే బతుకుతాయి. అన్నింటికన్నా ముందు, చిన్న అంకెలు వేసి స్వయంగా లెక్క చేసుకోమను. ఐదు అంకెలు చాలు.

స్రవంతి ఇప్పుడు పల్సానాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తోంది. మొన్న ఫోన్ చేసింది. క్లాసులో ఒకడు లేచి, మీరు చెప్పింది తప్పు మేడమ్, నెట్‌లో వేరేగా ఉంది అన్నాడట.

"కోపమొచ్చిందా?" అన్నాను.

"ముందు జర వచ్చింది మేడమ్. తర్వాత నాదే తప్పేమోనని భయమైంది. ఇంటికొచ్చి పుస్తకాలన్నీ తిరగేసిన. లెక్క కూడా చేసిన."

"ఎవరిది తప్పు?"

"వాడిదే. పొద్దున పోయి బోర్డు మీద చేసి చూపించిన. పాపం, మొఖం చిన్నగ చేసుకుండు. అందుకే వాడిని ముందు బెంచీల కూర్చోబెట్టి, రేపు కూడా గిట్లనే అడుగురా అని చెప్పిన."